ఎస్ఎంపీఎస్ పోయిన కంప్యూటర్‌ను మళ్లీ లేపే ముందు

అక్టోబరు దగ్గరపడితే విశాఖలో మా ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. కిటికీల గడియలు సరిచూడటం ఒకటి, కంప్యూటర్ వెనక ఏ తీగ ఎక్కడికి పోతుందో చూసుకోవడం ఇంకొకటి. మొదటిది 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేర్పింది. రెండోది నా తొందరపాటే నేర్పింది.

గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచే డబ్బానే ఎస్ఎంపీఎస్ అంటాం. దానికి గండం కరెంటు పోయినప్పటి కంటే తిరిగి వచ్చినప్పుడే ఎక్కువ. వీధిలోని ఫ్రిజ్‌లు, ఏసీలు, నీళ్ల మోటార్లు ఒక్కసారిగా అందుకుంటాయి, వోల్టేజీ ఎగిరిపడుతుంది. లైన్లో ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే కొన్ని ఇళ్లకు 400 వోల్టులకు దగ్గరగా కూడా రావచ్చు. బల్బు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగినా, ఫ్యాను మామూలుకు మించి తిరిగినా వెంటనే మెయిన్ స్విచ్ దించేసి విద్యుత్ సిబ్బందికి ఫోన్ చేయండి.

అందుకే తుపాను హెచ్చరిక రాగానే కంప్యూటర్ ఆపి, ప్లగ్గును సాకెట్ నుంచి పూర్తిగా పీకేయండి. స్విచ్ నొక్కితే చాలదు, అది ఫేజును మాత్రమే తెంచుతుంది. డాబా మీదుగా వచ్చే ఇంటర్నెట్ తీగను పీకడం చాలామంది మరచిపోతారు. పిడుగు ప్రభావం ఆ దారిన కూడా లోపలికి రాగలదు. వోల్టేజీ ఎగసిపాటును అడ్డుకునే ప్లగ్గుల బోర్డు, అంటే స్పైక్ బస్టర్ మీద ఎర్రదీపం వెలుగుతోందని నిశ్చింతగా ఉండవద్దు. దాని లోపలి రక్షణ భాగం దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. మామూలు రకాల్లో ఆ దీపం కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. కరెంటు వచ్చాక ఇరవై నిమిషాలు ఆగి, ఫ్యాను నిలకడగా తిరుగుతుంటేనే ప్లగ్గు పెట్టండి.

ఇక నా సంగతి. ఎంవీపీ కాలనీలో ఉన్నప్పుడు, ఒక వానాకాలం సాయంత్రం కరెంటు రాగానే ఠప్పుమని శబ్దం, ఆపైన కాలిన వాసన. గంటలో కొత్త ఎస్ఎంపీఎస్ తెచ్చాను. అది కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం, పాతదీ అంతే. పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక చక్కగా సర్ది ఉన్నాయి, మళ్లీ దూర్చడం ఎందుకని వాటినే కొత్త డబ్బాకు తగిలించాను. ప్లగ్గులు సరిగ్గా పట్టాయి. బటన్ నొక్కిన మరుక్షణం హార్డ్ డిస్కు చచ్చింది. మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి.

కారణం తర్వాత తెలిసింది. ఆ కేబుళ్లలో మదర్‌బోర్డు వైపు, డిస్కు వైపు కొనలకే ఉమ్మడి ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు కొనకు లేదు. ఒకే కంపెనీ మోడళ్లలోనూ పిన్నుల వరుస మారవచ్చు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లాయి. అలాంటప్పుడు ఒక్కోసారి డిస్కు బోర్డు మీద రక్షణ డయోడు మాత్రమే కాలుతుంది, డేటా రికవరీ తెలిసినవారు బతికించగలరు. నేనేమో దాన్ని మరో రెండుసార్లు తగిలించి చూశాను. సగం ఫొటోలు చివరికి బంధువుల ఫోన్లలో దొరికాయి. కొత్త డబ్బాతో కొత్త కేబుళ్లే వాడండి, పాతవి ఇంట్లో ఉంచుకోకండి.

ఎస్ఎంపీఎస్ నిజంగా పోయిందా అన్నది ముందు తేలాలి. అదే సాకెట్లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి, పవర్ కార్డు మార్చండి, డబ్బా వెనక స్విచ్ చూడండి. పాత రకాల్లో 115, 230 అని రాసి ఉన్న చిన్న మీట ఉంటుంది, మన దగ్గర అది 230 మీదే ఉండాలి. కాలిన వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, మళ్లీ ఆన్ చేయవద్దు. డబ్బా మూత ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

మల్టీమీటర్ వాడటం వచ్చినవారు కొలిచి చూడవచ్చు: పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. డబ్బాలోని ఫ్యాను తిరిగినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. అన్నీ నల్ల తీగలే ఉంటే, డబ్బాను విడిగా ఆన్ చేసి చూద్దామని రంగు ఊహించుకుని పిన్నులు కలపకండి.

కొత్తది బిగించాక అన్నీ ఒకేసారి తగిలించకండి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్, అంతే. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే విడి కార్డు కూడా వద్దు. తెర మీద బొమ్మ వచ్చాక ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, అప్పుడు ఇంకొక భాగం చేర్చండి. విలువైన డేటా ఉన్న డిస్కు చిట్టచివర. డబ్బాలోని ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉండి, డబ్బా తనను తాను కాపాడుకుంటోందని అనుమానించాలి. మళ్లీ మళ్లీ నొక్కకుండా చివరగా చేర్చిన భాగాన్ని తీసి చూడండి. తేదీ, సమయం తప్పుగా చూపిస్తే కంగారు పడనక్కర్లేదు, బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మారిస్తే సాధారణంగా సరిపోతుంది.

లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు ఉండేవారికి ఇంకొక తలనొప్పి ఉంది: ఉప్పుగాలి. కనెక్టర్ల మీద పట్టిన ఉప్పు తేమను లాగుతుంది, లోహం పచ్చబడుతుంది. కంప్యూటర్‌ను సముద్రం వైపు కిటికీ పక్క నుంచి జరపండి. నాలుగు రోజులు మూసి ఉన్న గదిలోని యంత్రాన్ని ఆన్ చేసే ముందు క్యాబినెట్ పక్క మూత తీసి ఒక రోజు ఫ్యాను గాలికి ఉంచండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే తప్పు ఎర్తింగ్‌ది కావచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కొత్త ఎస్ఎంపీఎస్ కొనడం ఆ తర్వాత.