ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ: రిపోర్టు చదివే పద్ధతి

నల్లగొండలో ఏ ల్యాబులో లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకున్నా రిపోర్టులో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు వరుసలు ఉంటాయి. ఇవి రెండూ ఎంజైములు. ఆ పేర్లలోని ‘జీ’ గ్లుటామిక్ ఆమ్లానికి గుర్తు. ఎస్‌జీపీటీ అలనైన్ అనే అమైనో ఆమ్లం నుంచి, ఎస్‌జీఓటీ ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం నుంచి అమైనో సమూహాన్ని తీసుకొని ఆల్ఫా కీటోగ్లుటరేట్ అనే పదార్థానికి అందించగా గ్లుటామేట్ తయారవుతుంది. ఈ ఎంజైములు ఉండవలసింది కణం లోపల. రక్తంలో పెరిగాయంటే ఎక్కడో కణాలు దెబ్బతిన్నాయని అర్థం. అందువల్ల ‘ఫంక్షన్’ అన్న మాట ఈ రెండు అంకెలకు అసలు నప్పదు.

ముందుగా పక్కన ముద్రించిన ఆ ల్యాబు పరిమితిని చూడాలి. అది సాధారణంగా లీటరుకు 40 యూనిట్లకు అటూ ఇటూ ఉంటుంది. తర్వాత రెండింటిలో ఏది పెద్దదో గమనించాలి. ఎస్‌జీపీటీ ప్రధానంగా కాలేయానికి చెందినది కాగా, ఎస్‌జీఓటీ గుండెలోనూ, కండరాల్లోనూ, ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో రోజంతా బస్తాలు మోసిన హమాలీ మరునాడే రక్తమిస్తే, కాలేయం బాగానే ఉన్నా ఎస్‌జీఓటీ పెరిగి కనిపించవచ్చు. అటువంటప్పుడు కండరాల దెబ్బను చూపే సీపీకే పరీక్ష అనుమానం తీరుస్తుంది. డెంగీలోనూ సాధారణంగా ఎస్‌జీఓటీదే పైచేయి.

ఎస్‌జీఓటీ అంకె ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటి, అయినా 300 లోపే ఉంటే మద్యాన్ని అనుమానించాలి. తాగేవారిలో బీ6 విటమిన్ తగ్గుతుంది, దాని కొరత ఎస్‌జీపీటీని ఎక్కువగా కుంగదీస్తుంది. కాబట్టి కల్లు, సారా అలవాటును డాక్టరు దగ్గర దాచకూడదు. పసిరికలకు (కామెర్లకు) తాగిన పసరు, వాడుతున్న టీబీ మాత్రల సంగతీ చెప్పాలి. ఫ్యాటీ లివర్‌లో పెరుగుదల స్వల్పంగా ఉండి, తొలిదశలో ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంటుంది. అంకె వేలల్లోకి వెళ్తే వైరల్ హెపటైటిస్ వంటి తీవ్రమైన దెబ్బ తగిలిందన్నమాట, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అంకెలు దిగివచ్చాయని వెంటనే సంతోషించడం కూడా తొందరపాటే. ఎస్‌జీఓటీ రక్తంలో సుమారు 17 గంటలకు, ఎస్‌జీపీటీ సుమారు 47 గంటలకు సగమవుతాయి గనుక దెబ్బ ఆగితే అవి ఈ క్రమంలోనే తగ్గాలి. కానీ చెడిపోవడానికి కణాలే మిగలనప్పుడు కూడా తగ్గుతాయి. ఆ తేడా తెలియాలంటే కామెర్లను చూపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరును చూపే పీటీ ఐఎన్‌ఆర్ వరుసలను కలిపి చదవాలి. ఇవి పెరుగుతూ ఆ ఎంజైములు పడిపోతుంటే అది ప్రమాదమే.

అప్పుడు కాలేయం అమ్మోనియాను యూరియాగా మార్చలేదు. మెదడులో గ్లుటామిన్ సింథటేజ్ అనే మరో ఎంజైము ఆ అమ్మోనియాను గ్లుటామేట్‌తో కలిపి గ్లుటామిన్‌గా మారుస్తుంది, అది పేరుకొని కణాలు ఉబ్బుతాయి. కామెర్లున్న మనిషి పగలంతా నిద్రపోతూ రాత్రి మేలుకొని ఉన్నా, మాట తడబడినా, చాచిన చేతులు తటతట కొట్టుకున్నా మరో రిపోర్టు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.