వలస పక్షులకు రింగు వేయడం, రోజూ లెక్కించడం ఎలా?

అడవి పక్షిని పట్టి కాలికి నంబరున్న రింగు వేయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి, శిక్షణ పొందిన రింగర్ (రింగులు వేసేవారు) పక్కనుండాలి. ఈ రెండూ లేనివారు లెక్కతోనే మొదలుపెట్టండి, దానికి బైనాక్యులర్ చాలు.

మిస్ట్ నెట్‌లు (పక్షులను పట్టే సన్నటి దారాల వలలు), కర్రలు, గుడ్డ సంచులు, నంబరున్న అల్యూమినియం రింగులు, రింగు ప్లయర్, స్కేలు, చిన్న త్రాసు, నోటుబుక్, పెన్సిల్ సిద్ధం చేసుకోండి. పెన్ను వద్దే వద్దు, మంచుకు సిరా కారుతుంది.

సూర్యోదయానికి అరగంట ముందు వలలు తెరవండి. రోజూ అవే చోట్లు, అంతే సేపు. 20 నిమిషాలకోసారి ప్రతి వలనూ చూడాలి, ఎండ ముదిరితే ఇంకా త్వరగా. వాన వచ్చినా, గాలి పెరిగినా వెంటనే మూసేయండి.

ఇక అసలు కష్టం వలలోంచి పక్షిని తీయడం. పిట్టలకు గాయాలయ్యేది ఎక్కువగా ఇక్కడే, అదీ తొందరవల్లే. చేయి పెట్టకముందు అది ఏ వైపు నుంచి వచ్చి పడిందో చూడండి. ఒంటి మీద దారాలు అడ్డంలేని వైపే అది వచ్చిన వైపు, అటు నుంచే తీయాలి.

కాళ్లతో మొదలుపెట్టండి. రెండు కాళ్లనూ ఒంటికి దగ్గరగా, తొడల దగ్గర పట్టుకోవాలి. కింద సన్నటి భాగం పట్టుకుంటే పిట్ట కొట్టుకున్నప్పుడు కాలు విరుగుతుంది. వేళ్లు దారాన్ని బిగించి పట్టుకుంటే లాగకండి. కాలు మడిచినంతసేపూ కాలి స్నాయువులు (టెండన్లు) వేళ్లను ముడుస్తాయి, మెల్లగా చాపితే అవే వదులవుతాయి. తర్వాత పొట్ట, ఒక్కో రెక్క, చివరికి తల.

ఒళ్లు ముందు పట్టుకుంటే త్వరగా అవుతుందని కొందరంటారు. చేయి తిరిగినవారికి అవుతుందేమో. నేర్చుకునేవారు మాత్రం కంగారులో రొమ్ము నొక్కేస్తారు. పక్షికి మనలాగా ఉదరవితానం (ఊపిరికి తోడ్పడే డయాఫ్రమ్ కండరం) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. మెడ వదులుగా ఉన్నా రొమ్ము నొక్కితే చచ్చిపోతుంది. అందుకే మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ, వీపు అరచేతిలో, మిగతా వేళ్లు రెక్కల చుట్టూ వదులుగా ఉండాలి.

దారం నాలుక వెనుక చిక్కుకుంటే టూత్‌పిక్‌తో మెల్లగా తప్పించండి. కాకపోతే అనుభవజ్ఞులను పిలవండి, అవసరమైతే దారం కత్తిరించండి. వలను మళ్లీ కుట్టుకోవచ్చు. పిట్ట కళ్లు మూస్తున్నా, నోరు తెరిచి రొప్పుతున్నా రింగు గురించి మర్చిపోయి వదిలేయండి.

బాగున్నదాన్ని సంచిలో వేయండి, సంచికి ఒక్కటే. రింగు అంచులు సరిగ్గా కలవాలి, ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. కాలి మీద తిరగాలి, జారాలి, పాదం దాటి ఊడకూడదు. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్‌లకు (గోరింక జాతి పిట్టలకు) నంబరున్న రింగులు తొడిగిన నాటి నుంచీ ఈ పనంతా నంబరు మీదే నడుస్తోంది. ఒకరు పైకి చదవాలి, మరొకరు రాసి తిరిగి చదవాలి. రెక్క పొడవు, బరువు రాసుకోండి. ఈకలు ఊది గొంతు కింది గుంటలో కొవ్వు చూడండి, దూరప్రయాణానికి ఇంధనం అదే.

రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో నడుస్తూ లెక్క కూడా తీయాలి. వల ఒక్కటే చాలదు. పొదల్లో నక్కే చిన్న పిట్టలు వలకే దొరుకుతాయి, ఎత్తున పోయేవి కళ్లకే. ఎన్ని వలలు ఎన్ని గంటలు తెరిచారో తప్పక రాయండి. 5 వలలు 4 గంటలైతే 20 వల-గంటలు. నిన్న 10, ఈరోజు 20 వల-గంటలు తెరిచి పిట్టలు రెట్టింపు పడ్డాయంటే వలస పెరిగినట్టు కాదు. ఏమీ పడని రోజూ వల-గంటలు రాసి, ఎదురుగా సున్నా వేయండి.