హిస్టరీ తెలియని సెకండ్ హ్యాండ్ డస్టర్ కొన్నారా, ముందు ఇవి చేయించండి

సెకండ్ హ్యాండ్‌లో రెనో డస్టర్ డీజిల్ కారు తీసుకున్నారు, సర్వీస్ బిల్లు ఒక్కటీ లేదు, పాత ఓనర్ "అన్నీ చేయించానండి" అన్నాడు, అంతే కదా. ఆ మాట పక్కన పెట్టేసి ఏదీ మార్చలేదనే అనుకుని మొదలెట్టండి. మీటర్ రీడింగ్‌ని కూడా నమ్మకండి, వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు.

ఫస్ట్ డబ్బు టైమింగ్ బెల్ట్ మీద పెట్టండి, ఇంజన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లెక్క ప్రకారం కదిలించే పట్టీ అది. ఇందులోని 1.5 లీటర్ డీజిల్ ఇంజన్‌కి చైన్ కాదు, బెల్టే. అది రబ్బరు, బండి తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే పాడవుద్ది, తెగిందంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుని హెడ్ విప్పాల్సి వస్తది, ఆ బిల్లు చూశాక ఈ బండి ఎందుకు కొన్నాంరా బాబూ అనిపిస్తది. బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ కూడా అప్పుడే మార్పించండి, పంపుని తిప్పేది ఆ బెల్టే కాబట్టి లేబర్ రెండోసారి కట్టక్కర్లేదు. తేదీ, కిలోమీటర్లు రాసి బానెట్ లోపల అంటించండి.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు అన్నీ కొత్తవే వేయించండి. డీజిల్ ఫిల్టర్ మర్చిపోవద్దు, నీళ్లు చేరితే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోతాయి. కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, మొత్తం తీయించి కొత్తది పోయించండి, చాలామంది కొళాయి నీళ్లు పోసి నడిపేస్తారు, లోపలంతా తుప్పే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి సరిగ్గా పట్టకపోతే దాని సంగతి తెలుస్తది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

టైర్లకి గ్రిప్ బానే ఉందని మురిసిపోకండి, టైరు పక్క భాగం మీదున్న నాలుగంకెలు చూడండి, రబ్బరు ఏళ్లు గడిస్తే పాడవుద్ది కదా, 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైనవి. సీట్ కవర్లు, స్టీరియో తర్వాత చూసుకోవచ్చు, మా బావమరిది ముందు అవే వేయించాడు లెండి.