గుర్తింపు కార్డు అడిగినప్పుడు ఎంతవరకు ఇవ్వాలి?

అమీర్‌పేటలో హాస్టల్‌లో చేరినా, నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జిలో ఒక్క రాత్రి బస చేసినా గుర్తింపు కార్డు అడగడం సహజమే; కానీ కార్డు చూపించడం వేరు, జిరాక్సు కాపీ ఇచ్చి రావడం వేరు. నిరుడు నేను కొన్న మిర్చి బజ్జీల పొట్లం విప్పితే, నూనె మరకల కింద ఎవరో అమ్మాయి ఆధార్ కాపీ, ఫొటోతో, ఇంటి చిరునామాతో సహా కనిపించింది. ఆ రోజు నుంచి నేను చాలా జాగ్రత్తగా ఉంటున్నాను.

ముందుగా, చూసి వివరాలు రాసుకుంటే సరిపోతుందా అని మర్యాదగా అడగండి. కాపీ తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైట్‌లో దొరికే ఈ ప్రతిలో 12 అంకెల్లో మొదటి 8 కనిపించవు. కాపీ మీద ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో రాసి సంతకం చేయండి. మార్జిన్‌లో రాస్తే కత్తిరించడం తేలిక కాబట్టి, ఆ అక్షరాలు ఫొటో అంచును తాకుతూ కార్డు బొమ్మకు అడ్డంగా సాగాలి.

ఆధార్ ఒక్కటే గుర్తింపు కాదు. బ్యాంకు ఖాతాకూ సిమ్ కార్డుకూ దాని అనుసంధానం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పింది.

ప్రింటు కోసం జిరాక్సు సెంటర్‌కు వాట్సాప్‌లో ఫైలు పంపితే, అక్కడి కంప్యూటర్‌లో దాన్ని తొలగించేదాకా కదలకండి. వేలిముద్రల దుర్వినియోగం జరగకుండా ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. అనుమానం వస్తే, మీ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో చూపే ఆథెంటికేషన్ హిస్టరీ చూసి, ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి.