జెంటూలో కంపైల్ పనిని ఇంట్లోని మిషన్లన్నిటికీ పంచాలంటే

జెంటూ అంటే ప్రోగ్రాములను సోర్స్ కోడ్ నుంచి మన మిషన్‌లోనే కంపైల్ చేసుకునే (ప్రాసెసర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చుకునే) లినక్స్. అందులో పెద్ద అప్‌డేట్ వస్తే పాత ల్యాప్‌టాప్ గంటలకొద్దీ కాగుతూ కూర్చుంటుంది. పక్కన ఇంకో రెండు లినక్స్ మిషన్లు ఖాళీగా ఉంటే డిస్ట్‌సీసీ అనే టూల్ పెట్టి వాటికీ పని అప్పజెప్పండి.

ముందు అది చేసే పనేంటో చూద్దాం. మీ మిషన్ హెడర్లన్నీ (కోడ్ వాడుకునే డిక్లరేషన్ల ఫైళ్లు) కలిపి ఒక్కో సీ ఫైల్‌ను సిద్ధం చేసి నెట్‌వర్క్ మీద పంపితే, అవతలి మిషన్ దాన్ని కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైల్ (కంపైల్ అయిన ముక్క) తిరిగి పంపుతుంది, లింకింగ్, అంటే ఆ ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం చేయడం, మళ్లీ మీ దగ్గరే జరుగుతుంది. అందుకే సాయం చేసే మిషన్లలో లైబ్రరీలేవీ అక్కర్లేదు, కంపైలర్ ఉంటే చాలు. కానీ అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండాలి. ఒకచోట జీసీసీ కంపైలర్ 13, ఇంకోచోట 14 పెట్టుకుని మొదలుపెట్టొద్దు.

అన్నిట్లో డిస్ట్‌సీసీ ఇన్‌స్టాల్ చేశాక, సాయం చేసేవాటిలో దాని సర్వీస్ సెట్టింగ్స్ ఫైల్ తెరిచి, అలో ఆప్షన్‌లో మీ ఇంటి నెట్‌వర్క్ మాత్రమే, అంటే 192.168.1.0/24 లాంటిది రాసి, సర్వీస్ స్టార్ట్ చేయండి. పోర్ట్ 3632. ఈ పద్ధతిలో పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు కాబట్టి రౌటర్‌లో ఆ పోర్టును బయటికి అస్సలు తెరవకండి. బయటి మిషన్ కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ మీదుగానే వెళ్లండి.

మీ మిషన్‌లో హోస్టుల జాబితా రాయాలి: 192.168.1.20/8, ఖాళీ వదిలి 192.168.1.21/4, ఇలా. స్లాష్ తర్వాతది ఒకేసారి ఎన్ని ఫైళ్లు పంపొచ్చో చెప్పే అంకె. వేగమైన మిషన్‌ను ముందు పెట్టండి. తర్వాత జెంటూ సెట్టింగ్స్ ఫైలైన మేక్.కాన్ఫ్‌లో ఫీచర్స్‌కు డిస్ట్‌సీసీ చేర్చి, మేక్ఆప్ట్స్‌లో జె విలువను (ఒకేసారి నడిచే పనుల సంఖ్య) అన్ని మిషన్ల కోర్ల మొత్తానికి రెట్టింపు దాకా పెంచి, ఎల్ విలువ (మీ మిషన్ లోడ్‌కు పరిమితి) మీ సొంత కోర్లంత ఇవ్వండి, లేదంటే అవతలివి ఆగిపోయినప్పుడు భారమంతా మీ ల్యాప్‌టాప్ మీదే పడుతుంది.

అసలు చిక్కు మార్చ్=నేటివ్ అనే కంపైలర్ ఫ్లాగ్ (ఆప్షన్) దగ్గర. నేటివ్ అంటే ఏ మిషన్‌లో కంపైల్ అవుతుందో ఆ మిషన్ ప్రాసెసర్ అని అర్థం, అందుకే ఆ ఫ్లాగ్ కనిపిస్తే డిస్ట్‌సీసీ ఫైల్‌ను బయటికి పంపదు, ఎర్రర్ చూపించి ఆగదు కూడా, చప్పుడు చేయకుండా ఇక్కడే కంపైల్ చేసేస్తుంది. రిజాల్వ్-మార్చ్-నేటివ్ అనే చిన్న టూల్ మీ ప్రాసెసర్‌కు సరిపోయే అసలు ఫ్లాగులు చూపిస్తుంది, స్కైలేక్ లాంటి పేరుతో సహా. వాటిని అలాగే మేక్.కాన్ఫ్‌లోని సీఫ్లాగ్స్‌లో పెట్టండి.

ఇప్పుడు ఏదైనా సీ++ ప్యాకేజీ ఎమర్జ్ (ఇన్‌స్టాల్) చేస్తూ ఇంకో టెర్మినల్‌లో, పని ఎక్కడ జరుగుతోందో చూపించే డిస్ట్‌సీసీమాన్-టెక్స్ట్ నడపండి. ఏమీ కనిపించకపోతే టెన్షన్ వద్దు, జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ తన సమాచారాన్ని వార్ కింద టెంప్, పోర్టేజ్ ఫోల్డర్లలోని .డిస్ట్‌సీసీలో రాస్తుంది, డిస్ట్‌సీసీ డైరెక్టరీ వేరియబుల్‌ను అటు చూపించి మళ్లీ నడపండి. అప్పుడు ఏ ఫైల్ ఏ మిషన్‌లో ఉందో వరసగా కనిపిస్తుంది.

రస్ట్ భాషలోని కోడ్, కాన్ఫిగర్ స్క్రిప్టులు (కంపైల్‌కు ముందు మిషన్‌ను పరీక్షించేవి) మాత్రం ఇక్కడే నడుస్తాయి, కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో రస్ట్ భాగానికి ఈ లాభం ఉండదు. ఎల్‌టీవో (లింకింగ్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) ఆన్‌లో ఉంటే అసలు బరువంతా లింకింగ్‌కు మారుతుంది, అక్కడ డిస్ట్‌సీసీ పెద్దగా ఆదుకోలేదు. వైఫై బలహీనంగా ఉంటే కేబుల్ లాగండి.