టర్బైన్ వైబ్రేషన్‌ని కనిపెట్టే ర్యాక్‌లో పవర్ సప్లై మార్చే ముందు జాగ్రత్తలు

- కంట్రోల్ రూమ్‌కి చెప్పి, పర్మిట్ (పని అనుమతి కాగితం) చేతికొచ్చాకే ర్యాక్ తలుపు తీయండి.
- ట్రిప్ బైపాస్ (ర్యాక్ సిగ్నల్‌తో టర్బైన్ ఆగిపోకుండా తాత్కాలిక ఏర్పాటు) పెట్టించండి. ర్యాక్‌కి కరెంటు పోతే ఓకే రిలే (ర్యాక్ బాగుందని చెప్పే స్విచ్చి) పడిపోతుంది. దాన్ని ట్రిప్‌కి కలిపి ఉంటే నడుస్తున్న టర్బైన్ ఆగిపోతుంది.
- రెండు సప్లైలున్నాయి కదా అని ధీమా వద్దు. బెంట్లీ నెవాడా 3500లో కింది స్లాట్‌ది ప్రైమరీ, పైది బ్యాకప్. తీయకుండా ఉంచబోయే సప్లై పచ్చ ఎల్‌ఈడీ వెలుగుతోందా, కళ్లతో చూడండి. రెండూ ఒకే బ్రేకర్ మీదుంటే బ్యాకప్ పేరుకే. డ్రాయింగ్‌ని నమ్మకుండా వైరు వెంటే వెళ్లి చూసుకోండి.
- కొత్త మాడ్యూల్ లేబుల్ చదవండి: ఏసీనా, డీసీనా, వోల్టేజీ ఎంత? వెనకున్న ఇన్‌పుట్ మాడ్యూల్‌తో సరిపోవాలి.
- వెనక వైర్లు ముట్టుకోవాలంటే బ్రేకర్ ఆపి, తాళం వేసి, మీటరులో సున్నా చూశాకే.
- ఒంట్లోని స్టాటిక్ కరెంటు మాడ్యూల్‌ని పాడుచేయకుండా చేతికి ఎర్త్ పట్టీ.
- ప్రోబ్‌లకి (టర్బైన్ మీది సెన్సర్లకి) మైనస్ 24 వోల్టులు వస్తున్నాయని తేలేదాకా బైపాస్ తీయనివ్వకండి.