సంద్రం అటుంది తల్లీ: నవ్విస్తూనే కదిలించే బొమ్మ గీయడం ఎలా?

విశాఖ తీరానికి ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్తాయి. 45 నుంచి 60 రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు పైకి వచ్చి, ఏ దిక్కు ఎక్కువ వెలుతురుగా ఉంటే ఆ దిక్కే సముద్రమనుకొని నడుస్తాయి. దీపాలు లేని కాలంలో ఆ లెక్క తప్పేది కాదు. ఇప్పుడు రోడ్డు దీపాలూ, తినుబండారాల బళ్ల మీది బల్బులూ వాటిని వెనక్కి తిప్పుతున్నాయి. ఈ ఒక్క సమస్యను ఉదాహరణగా తీసుకొని, ఎదుటివారిని నొప్పించకుండా వారి అలవాటును మార్చే బొమ్మను ఎలా తయారుచేయాలో ఇక్కడ వివరిస్తాను.

నా మొదటి ప్రయత్నం చెడిపోయింది కనుక దానితోనే మొదలుపెడతాను. కన్నీరు కారుస్తున్న తాబేలును, దాని పక్కన ఎర్రగీతతో కొట్టేసిన బల్బును గీసి, ఒక బజ్జీల బండి యజమానికి చూపించాను. ఆయన మర్యాదగా చూసి, “మరి మా బేరం సంగతేటి బాబూ?” అన్నారు. ఆ తరువాత తెలిసిన విషయం ఇంకా సిగ్గుపడేలా చేసింది: సముద్రపు తాబేళ్ల కంటివద్ద ఉండే గ్రంథులు ఒంట్లోని అదనపు ఉప్పును నీటితో బయటికి పంపుతాయి, కాబట్టి ఆ ‘కన్నీరు’ దుఃఖం కానే కాదు. అంటే నేను తాబేలునూ అర్థం చేసుకోలేదు, బండి మనిషినీ అర్థం చేసుకోలేదు.

కాబట్టి పెన్సిలు పట్టుకోక ముందు, ఎవరి అలవాటు మారాలని కోరుతున్నారో వారి పక్కన రెండు మూడు సాయంత్రాలు కూర్చోండి. బండి మీద దీపం ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది: మూకుడులో నూనె కాగిందో లేదో చూడాలి, చిల్లర లెక్కపెట్టాలి, దూరం నుంచి వచ్చేవారికి బండి కనబడాలి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే. వాటిని గౌరవిస్తే, “దీపం ఆర్పండి” అనే కోరిక తనంతట తానే “దీపానికి ఇసుకవైపు రేకు అడ్డుపెట్టండి” అనే చిన్న కోరికగా మారుతుంది. ఒక బొమ్మలో ఒక్క కోరికే ఉండాలి. ప్లాస్టిక్ సంచుల గురించి చెప్పాలనిపిస్తే దానికి వేరే బొమ్మ వేయండి.

ఇక అసలు కీలకం పాత్రల పంపకంలో ఉంది. మన ప్రచార చిత్రాల్లో చాలావాటిలో చూసేవాడే నేరస్థుడు, అందుకే చూసేవాడు ముఖం తిప్పుకుంటాడు. నేను రెండోసారి బండి మనిషిని దారి చూపేవాడిగా గీశాను. బండి ముందు తాబేలు పిల్లలు బడిపిల్లల్లా వరుసకట్టి, వెలుగుతున్న బల్బును చూసి సముద్రం వచ్చేసిందని సంబరపడుతుంటాయి, ఆయన ఒక చేత్తో దీపానికి రేకు అడ్డుపెట్టి, గరిటె పట్టిన రెండో చేత్తో అలలవైపు చూపిస్తూ, “ఓలి నా తల్లో, ఇటు కాదే, సంద్రం అటుంది!” అంటుంటారు. నవ్వు పిల్లల పొరపాటు మీద పుట్టింది, ఆయన మీద కాదు. చిత్రకారులు పదేపదే పరీక్షించుకోవలసింది దీన్నే, ఎందుకంటే చిరిగిన బనియను, పొట్ట, పలుకుబడి వంటివాటిని వేళాకోళం చేసి తెప్పించే నవ్వు బొమ్మను అక్కడికక్కడే చంపేస్తుంది. మాండలికాన్ని కూడా ఆ మనిషి నోటివెంట వచ్చినట్లే రాయాలి తప్ప, వెక్కిరింపుగా సాగదీయకూడదు.

రూపాల కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలను చూడండి: అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ చెక్కడంవల్ల వాటిలో దాదాపు అన్నీ గుండ్రని ఆకారాలే, మూలలు ఉండవు, పిల్లలకూ పెద్దలకూ చేతిలోకి తీసుకోవాలనిపించే గుణం అందులోంచే వస్తుంది. తాబేలు పిల్లను అలాగే గుండ్రంగా, కళ్లను రెండు చుక్కలుగా గీస్తే చాలు. అయితే పుట్టిన పిల్ల పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి, దృశ్యాన్ని ఇసుకకు ఆనుకున్న ఎత్తు నుంచి గీయండి. అప్పుడు బండి చక్రం గోపురంలా, బల్బు పున్నమి చంద్రుడిలా కనబడి, తాబేలు పిల్ల తికమక మాటల్లేకుండానే తెలుస్తుంది.

అక్షరాల విషయంలో, పది అడుగుల దూరం నుంచి చదవాలంటే కనీసం అంగుళం ఎత్తు ఉంచండి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక, పంక్తుల మధ్య చోటు తక్కువైతే రెండూ ఒకదానికొకటి తగులుకొని చదవడం కష్టమవుతుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక మాటలను కాగితంతో కప్పేసి, చదువు రానివారితో సహా ఒక పదిమందికి చూపించండి. “బాగుందా?” అని మాత్రం అడగవద్దు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. “ఇక్కడ ఏం జరుగుతోంది?” అని అడిగి, వారి మాటలనే రాసుకోండి. ముగ్గురు తప్పుగా చెప్పినా మళ్లీ గీయవలసిందే. నా రెండో బొమ్మలో అలలను కొందరు కొండలనుకున్నారు. ఒక తెప్పను చేర్చాక ఆ చిక్కు తీరింది.

చివరగా, దీన్ని ఫ్లెక్సీ మీద అచ్చువేయించకండి, అదీ ప్లాస్టిక్కే. ప్లైవుడ్ పలక మీద బోర్డులు రాసే పెయింటరు చేత ఎనామిల్ రంగులతో వేయించి, అంచులకు కూడా రంగు పూయిస్తే ఉప్పుగాలికి కొంత ఆగుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం తరువాతి సంగతి. పలకను ముందు ఆ బండి యజమానికే ఇచ్చి, ఎక్కడ కట్టాలో ఆయననే అడగండి. జనవరి మొదటివారంలో, చీకటి పడ్డాక ఇసుకలోకి దిగి, మోకాళ్ల మీద వంగి బళ్లవైపు చూడండి. ఎన్ని బల్బులు నేరుగా కంట్లో పడుతున్నాయో లెక్క రాసుకొని, పలకలు కట్టిన నెల తరువాత అదే చోటి నుంచి మళ్లీ లెక్కపెట్టండి.